పెరటికోళ్లకు కాపరి యెవరు?

కోడికి గల శత్రువులను లెక్కింప బూనినచో రెండుచేతుల వ్రేళ్లును చాలవు. ఆకాశమునుండి గద్ద, డేగ, కాకి, నేలమీద ముంగిస, అడవిపిల్లి, నక్క, ఊరకుక్క, కలుగులనుండి పందికొక్కు, త్రాచు, జెర్రిపోతు, రాత్రివేళ చెట్లమీదుగా మానుపిల్లి, గుడ్లగూబ, గ్రుడ్లకొరకు ఉడుము. ఇన్నిటి నడుమ కోడి బ్రతుకుచున్నదనిన దానికి కొంత దాని తెలివియు, కొంత మన పెరటిగోడయు కారణములు; మిగిలినది అదృష్టము. అదృష్టమును నమ్ముకొని కోళ్లను పెంచువారికి ఈ ప్రసంగముతో పనిలేదు. తక్కినవారితో నేడు కొంత ముచ్చటింపదలచితిమి.

పెరటికోడి విలువ సంతలో పలుకు ధరతో తేలునది కాదు. మన పల్లెలలో పంటసొమ్ము అప్పులవానికిని ఎరువుల దుకాణమునకును పోవును. పాలసొమ్ము తిరిగి దాణాకే పోవును. గ్రుడ్లమ్మిన డబ్బు, పుంజునమ్మిన డబ్బు మాత్రము ఇల్లాలి కొంగుముడిలో నిలుచును. పిల్లవాని నోటుపుస్తకము, అత్తగారి కంటిమందు, ఆడపడుచు వచ్చినపుడు పెట్టు రవికగుడ్డ ఆ ముడి విప్పియే కొనుచుందురు. కావున ఒక పొదుగుకు లేచిన పిల్లలను వారము దినములలో గద్దయు ముంగిసయు పంచుకొనిపోయినచో, ఆ ఇల్లాలు రాబోవు మూడునాలుగు నెలలు ప్రతి చిన్న ఖర్చునకును ఇతరుల చేయి చూడవలసివచ్చును.

ఇట్టి నష్టము రెండుమార్లు జరుగగనే ఇంటిలో మగవారికి కోపము వచ్చును. పొలమునకు తెచ్చిన గుళికలమందును మాంసపుముక్కలో పెట్టి కంచెవెంబడి ఉంచుట, ఉచ్చులు పన్నుట, కరెంటుతీగ లాగుట మనము వినుచున్న సంగతులే. ఆ విషము ముంగిసనే వెదకికొని పోదు. మొదట తినునది ఇంటికుక్క. పిదప ప్రక్కయింటి పిల్లి, కాకులు. కంచెప్రక్క ఆడుకొను బిడ్డలను తలచుకొన్న ఒడలు జలదరించును. ముంగిస, అడవిపిల్లి, నక్క, మానుపిల్లి, ఉడుము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ గల జంతువులు. వానిని చంపుట నేరము. చట్టమట్లుండగా, లెక్క చూచినను ఈ ముంగిసయు అడవిపిల్లియు నక్కయు కోడి దొరకని దినములందు తిని బ్రతుకునది మన చేనిలోని ఎలుకలనే. కావున శత్రువును చంపుటకంటె, కోడిదరికి రాకుండ ఆపు ప్రాణినొకదానిని పెరటిలో నిలుపుకొనుట మేలని మా అభిప్రాయము. ఏ ప్రాణిని నిలుపుకొనవలెననునదే ప్రశ్న.

వైద్యుడు నాడి చూడక మందీయడు. దొంగ యెవరో తెలియక కాపరిని ఎన్నుకొనరాదు. పట్టపగలు ఒక్క పిల్ల జాడలేక మాయమై, తల్లికోడి రెక్కలు విచ్చి గోలపెట్టుచున్నచో అది గద్దయో కాకియో అయియుండును. పెద్దకోడి మాయమై, ఈకలు కంచెవైపు చాలుగా రాలియున్నచో పిల్లి గాని నక్క గాని నోట కరచుకొని పోయినదని తెలియవలెను. నాలుగైదు కోళ్లు చచ్చి, తినకుండ చెల్లాచెదరుగా పడియున్నచో చాలవరకు అది కుక్కల పని. కుక్క ఆకలికంటె ఆటకే ఎక్కువగా చంపును. మెడవద్ద కాటుపడి కోడి గూటిలోనే చచ్చియున్నచో ముంగిసను అనుమానింపవలెను. పెంకుముక్కయైన మిగులక గ్రుడ్లు పోయినచో పాము. మ్రింగ యత్నించి వదలిన పిల్ల తల తడిసి, ఈకలు అంటుకొనియుండుటయు దాని గురుతే. పిల్లల కాళ్లు కొరుకబడి, గూటిమూల క్రొత్తమట్టి పోగుపడియున్నచో పందికొక్కు.

గురుతులతోపాటు వేళను గూడ గమనింపవలెను. గద్ద, కాకి, ముంగిస పగటిదొంగలు. మానుపిల్లి, పందికొక్కు, గుడ్లగూబ రాత్రిదొంగలు. నక్కయు చీకటిపడిన పిమ్మటనే ధైర్యము చేయును. అడవిపిల్లి మునిమాపునను తెల్లవారుజామునను ఎక్కువగా తిరుగును. ఊరకుక్కకు వేళాపాళా లేదు. ఒకే జంతువు వీనినన్నింటిని ఆపునని అమ్మువాడు చెప్పినచో నమ్మకుడు.

కొనిదెచ్చు కాపరి సంగతి తరువాత. కోళ్లలోనే ఒక కాపరి గలదు, అది పుంజు. ప్రకృతి శాస్త్రజ్ఞులు పుంజుల అరపులను యంత్రములపై ముద్రించి పరీక్షించినారు. మీదనుండి వచ్చు శత్రువును చూచినపుడు పుంజు సన్నగా సాగదీసి అరచును. అది వినిన పెట్టలు పొదలక్రిందకు దూరి కదలక కూర్చుండును. నేలమీద వచ్చు శత్రువును చూచినపుడు తెంపుతెంపుగా, బిగ్గరగా అరచును; అది వినిన కోళ్లు మెడలు నిక్కించి చుట్టును చూచును. రెండు అపాయములకు రెండు వేరు మాటలు! వంటయింటిలో పనిచేసికొనుచున్న ఇల్లాలు కూడ ఈ రెండు అరపులకు భేదము తెలిసికొన్నచో, బయటికి వచ్చునపుడు తల పైకెత్తవలెనో, చేత కఱ్ఱ పట్టవలెనో ముందే తెలిసిపోవును.

ఈ విద్య పిల్లలకు తల్లివెంట తిరుగుటచేత అబ్బును. హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధన సంస్థవారు రూపొందించిన వనరాజా, గ్రామప్రియ వంటి పెరటిరకములు దిగుబడికి మంచివే. కాని ఆ పిల్లలు యంత్రములో పొదుగబడి, దీపపు వేడిమిలో పెరిగి మనకు చేరును. తల్లిరెక్క యెట్లుండునో యెరుగవు. వానిని తిన్నగా పెరటిలోనికి విడిచినచో మొదటి నెలయంతయు గద్దకు పండుగ. ముందుగా ఒకటి రెండు నాటుపెట్టలను, ప్రాయము వచ్చిన పుంజునొకదానిని పెరటిలో ఉంచి, వానితో కలిపి క్రొత్తవానిని విడుచుట మంచిది. అసీలు పెట్ట పిల్లల తల్లి అయినపుడు దాని పౌరుషము చూడదగినది. కాకిని తరుముటయేకాక పిల్లిమీదికి గూడ ఎగురును. పందెపు పుంజుల రంగులనుబట్టి జయాపజయములు చెప్పు కుక్కుటశాస్త్రమును మనవారు వ్రాసికొనిరి. పెరటికోడిని కాపాడు శాస్త్రము మాత్రము ముసలమ్మల నోటనే మిగిలిపోయినది. ఎంత పౌరుషము గల పుంజైనను నక్కముందు నిలువజాలదు. హెచ్చరిక చేయుట దాని పని; పోరాడుట మరియొకరి పని.

రెండవ కాపరి మనము పెంచునది కాదు, తనంత తాను వచ్చునది. నల్లని మేను, చీలిన పొడుగుతోక గల ఏట్రింతను చూడని రైతు ఉండడు. పశువుల వీపులమీద వ్రాలి, వాని అడుగులకు లేచు మిడుతలను పట్టును గనుక పసులపోలిగాడనియు దీనికి పేరు. హిందీవారు దీనిని కొత్వాల్ అందురు. ఆ బిరుదు ఊరక రాలేదు. గూడుకట్టు కాలమున తన చెట్టుదరికి వచ్చిన గద్దనైనను కాకినైనను ఈ చిన్నపిట్ట వెంటాడి, వీపుమీద పొడిచి, పొలిమేర దాటించువరకు విడువదు. ఈ అండ తెలిసియే గువ్వలు, వంగపండుపిట్టలు అది గూడుకట్టిన చెట్టునందే తమ గూళ్లను కట్టుకొనును. అవి కనిపెట్టిన ఉపాయమును మనమేల విడువవలెను? పెరటిలోని వేపచెట్టు కొమ్మలు వేసవికి ముందు నరకకుండుట, దొడ్డిలో ఆరడుగుల కఱ్ఱ పాతి దానిపై అడ్డకఱ్ఱ కట్టుట, కూరగాయల మళ్లలో పురుగుమందు చల్లుట తగ్గించుట, ఇంతకంటె దానికి మనము చేయవలసిన మర్యాద లేదు. వేసవి మొదలు వానకాలము నడిమివరకు పిల్లలకోళ్లకు మీదినుండి వచ్చు భయము చాలవరకు తగ్గును. నేలమీది ముంగిసతో మాత్రము దీనికి తగవు లేదు.

ఇప్పుడు పెద్దబాతును గూర్చి చెప్పవలెను. హంసబాతు అని కొందరందురు. కాపలాకు దీని కీర్తి ప్రాచీనమైనది. క్రీస్తుపూర్వము 390 ప్రాంతమున గాల్ జాతివారు రోము నగరమును ముట్టడించి, రాత్రివేళ కొండకోటను ఎగబ్రాకుచుండగా కుక్కలు నిద్రించినవనియు, జూనో దేవాలయమునందలి బాతులు అరచి కావలివారిని లేపినవనియు లివీ చరిత్రలో వ్రాసినాడు. మన కాలమునకు వచ్చినచో, స్కాట్లండులోని డంబార్టన్ పట్టణమున విస్కీ నిలువయుంచు గిడ్డంగులకు 1959 మొదలు 2012 వరకు బాతులగుంపు కావలి కాచినది. కాని రోము కథను జాగ్రత్తగా చదువుడు: బాతులు అరచినవి, లేచి శత్రువును క్రిందికి త్రోసినవాడు మాన్లియస్ అను యోధుడు. పెద్దబాతు గుణమంతయు ఇందులోనే యున్నది. దాని గొంతు గొప్పది, చూపు గొప్పది, క్రొత్తవారిని చూచినచో మెడ సాచి బుసకొట్టుచు మీదికి వచ్చును. కాకి, పిల్లి, ముంగిస దానిని చూచి వెనుదీయవచ్చును. నక్కకును కుక్కలగుంపునకును అది పెద్ద కోడియే. రాత్రి దానికిని గూడు కావలెను.

బాతును తెచ్చుకొనువారికి ఒకటి రెండు మాటలు. జంటను తెచ్చినచో అవి రెండును ఒకదానినొకటి చూచికొనుచు కోళ్ల సంగతి మరచిపోవును. ఒంటిపిల్లను కోడిపిల్లలతోడనే పెంచినచో ఆ గుంపే తన గుంపని భావించి వాని వెంట తిరుగును. ఈదుటకు చెరువు అక్కరలేదు. తల మునుగునంత లోతుగల తొట్టి చాలును, కాని అది నిత్యము నిండియుండవలెను. గడ్డి మేయును గనుక తిండి ఖర్చు తక్కువ. ఇరువది యేండ్లు బ్రతుకుట దానికి వింత కాదు. మగబాతు గ్రుడ్లకాలమున ఇంటి పసిపిల్లల మీదికి గూడ వచ్చును. నడక నేర్చుచున్న బిడ్డ ఉన్న ఇంట మేము బాతును పెట్టుమని చెప్పము. పాములు దాని వాసనకు రావని కొందరు చెప్పుదురు. పామును చూచి అది అరచుననుటలో మాకు సందేహము లేదు. అంతకుమించి నమ్మి చీకటిలో దీపము లేక తిరుగవలదు.

గినీకోడి గొంతు విషయమున బాతునకు తీసిపోదు. బరేలీ దగ్గర ఇజత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థవారు కాదంబరి, చితంబరి, శ్వేతాంబరి అను రకములను రూపొందించినారు. పదిపండ్రెండు గినీకోళ్లు గుంపుగా తిరుగునపుడు పురుగు, మిడుత, తేలు మిగులవు. పాము కనబడినచో చుట్టుముట్టి గోలచేయును. పుంజు అరచి ఊరకుండును. గినీకోడి ఒకమారు మొదలు పెట్టినచో ఆపుట దానికి తెలియదు. గోడకు గోడ కలిసిన ఇండ్లలో దీనిని పెంచుట ఇరుగుపొరుగుతో వైరము కొనితెచ్చుకొనుటయే. ఇరువదియారు, ఇరువదియెనిమిది దినములు పొదుగవలసిన దాని గ్రుడ్లను నాటుపెట్టక్రింద పెట్టినచో పిల్లలు ఇల్లు మరగును; పెద్దవానిని కొనితెచ్చి విడిచినచో మరునాటికి ఏ చింతచెట్టుమీదనో ఉండును. చెట్టుమీద నిద్రించుట దానికి ఇష్టము, గుడ్లగూబకును అది ఇష్టమే.

టర్కీకోడిని చూచి చిన్నజంతువులు జంకును. కాని కోళ్ల ప్రేగులలోని పురుగుద్వారా వ్యాపించు ఒక రోగము కోడికి స్వల్పముగను టర్కీకి ప్రాణాంతకముగను ఉండును. రెంటిని ఒక దొడ్డిలో ఉంచకుండుటే మేలు. గాడిదకు కుక్కజాతిపై పుట్టువైరము. అన్యదేశములందు గొఱ్ఱెలమందలకు గాడిదను, లామాను కాపలా పెట్టుదురు. మన పెరటిలో గద్దను, ముంగిసను అది కన్నెత్తియైనను చూడదు, పైపెచ్చు పిల్లలను త్రొక్కును. ఇక పాములకొరకు ముంగిసనే పెంచుదమనువారున్నారు. పంచతంత్రములోని ముంగిస బిడ్డను కాపాడినమాట నిజమే గాని, ఆ బ్రాహ్మణునింట కోళ్లు లేవు.

మిగిలినది కుక్క. కాపలా అనగానే మనకు మొదట తోచునది కుక్కయే. కోళ్లను చంపువానిలో ముందుండునదియు కుక్కయే. ఈ చిక్కును విప్పుకొనక కుక్కను తెచ్చినవారు తరువాత కుక్కను తిట్టుదురు. రాజపాళెము, కారవాన్ వంటివి వేటజాతులు. పరుగెత్తు ప్రాణి కనబడినచో పట్టుట వాని రక్తములో ఉన్నది. ఆల్సేషన్, కోలీ వంటివి మందను తరిమి పోగుచేయు పనికి ఏర్పడినవి. కోడిని తరుముటయు వానికి ఆ పనివలెనే తోచును. మూడవ తెగ వేరు. ఇటలీ దేశపు మరెమ్మా, టర్కీదేశపు అనటోలియా కుక్క మొదలైనవి మందలోనే పుట్టి, మందలోనే నిద్రించి, మందను తరుమక దానితో కలిసి నడచును. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమున హాంప్‌షైర్ కళాశాలయందు రేమండ్ కాపింజర్ అను శాస్త్రజ్ఞుడు 1970 దశకమునుండి ఇట్టి కుక్కలను ఐరోపానుండి తెప్పించి రైతులకిచ్చి పరీక్షించినాడు. కాపరికుక్కకు ఆయన చూచిన గుణములు మూడు: మందను విడువక యుండు శ్రద్ధ, మందకు హాని చేయని నమ్మకము, పరజంతువు వచ్చినపుడు అడ్డుపడు రక్షణబుద్ధి. కఱచు తీవ్రతకు ఆ పట్టికలో చోటులేదు. చాలవరకు కాపరికుక్క పోరాడి గెలువదు. ఎదురుగా నిలిచి మొఱిగి, పరిసరములందు తన వాసన నిలిపి, వచ్చినదానికి ఇచ్చట శ్రమ ఎక్కువ, లాభము తక్కువ అని తెలియజేయును. అంతే చాలును.

కోళ్లను కాచిన కుక్క కథ ఆస్ట్రేలియాలో ఒకటి జరిగినది. విక్టోరియా రాష్ట్రమున వార్నంబూల్ పట్టణతీరమున మిడిల్ ఐలండ్ అను చిన్న ద్వీపము గలదు. దానిపై వందలకొలది చిన్న పెంగ్విన్ పక్షులు గూళ్లు పెట్టుచుండెడివి. సముద్రము వెనుకకు తగ్గినవేళ నక్కలు నడచిపోయి వానిని చంపుచుండుటచే 2005 నాటికి పదియైనను మిగులలేదు. ఆ ప్రాంతమున స్వాంపీ మార్ష్ అను కోళ్లరైతు తన కోళ్లను మరెమ్మా కుక్కలచే కాపాడుకొనుచుండెను. కోడిని కాచునది పెంగ్వినును ఏల కాచరాదని ఆయన సూచింపగా, 2006లో కుక్కలను ద్వీపమునకు పంపిరి. కుక్కలుండగా పెంగ్వినులు మరల నూరు దాటినవి. ఈ కథను 2015లో చలనచిత్రముగ గూడ తీసినారు. 2017లో నక్కలు తిరిగి ద్వీపమున ప్రవేశించి నూరుకు పైగా పక్షులను చంపినవి. అప్పుడు కుక్కలు ద్వీపముమీద లేవు. చలనచిత్రములో లేని ఈ చివరిభాగమే మనకు ఎక్కువ ఉపయోగకరము.

మరెమ్మాను మనమును తెప్పించుకొందమా యని కలవారు అడుగవచ్చును. ఆ దట్టమైన బొచ్చుతో రెంటచింతల ఎండలో దానిని నిలుపుట దానిపై దయలేకుండుటయే. అంత దూరము పోనేల? మన దక్కను పీఠభూమిలో గొఱ్ఱెలమందలవెంట తిరుగు కురుమలు, గొల్లలు నాటుకుక్కలనే మందలో పెంచి మందకు కాపుంచుచున్నారు. వారి కుక్కకు జాతిపత్రము లేదు. మందలో పెరుగుటయే దాని పత్రము. కుక్కపిల్లకు మూడవ వారము మొదలు పదునాలుగవ వారము వరకు గల కాలము మిక్కిలి విలువైనది. ఆ కాలమున ఏ ప్రాణులతో కలిసియుండునో అవి తనవారని దాని మనస్సున నాటుకొనును. ఆ వయస్సు దాటిన పెద్దకుక్కను తెచ్చి కోళ్లనడుమ విడిచి, నాలుగుదెబ్బలు కొట్టి నేర్పుదమనుకొనుట వట్టిమాట.

కావున పిల్లను ఎంచుకొనునపుడు రంగును, చెవులను కాక దాని తల్లిని చూడుడు. కోళ్లు తిరుగు వాకిటిలో కోళ్లమధ్య నిద్రించు తల్లికి పుట్టిన పిల్ల శ్రేష్ఠము. పిల్లలలోను దొరికినదానినెల్ల కఱచి లాగు హుషారైన పిల్ల ఇంటివారికి ముద్దు వచ్చును, కోళ్లకు చేటు తెచ్చును. నెమ్మదిగా, క్రొత్తదానిని చూచి ఆగి ఆలోచించు పిల్లను తీసికొనవలెను. ఎనిమిది వారముల వయస్సున తెచ్చి, కోళ్లదొడ్డికి ఆనుకొని తడికతో చిన్న చోటు కట్టి, రేయింబవళ్లు కోళ్లను చూచుచు, వాసన పీల్చుచు పెరుగునట్లు చేయవలెను. మనము దగ్గరనుండగా మాత్రమే దినమునకు రెండుమూడుమార్లు తాడుతో కోళ్లలోనికి తీసికొని పోవలెను. మొదట పెద్దకోళ్లతో పరిచయము చేయుడు. పౌరుషము గల పెట్ట ముక్కుమీద ఒకమారు పొడిచినచో మనము నెలరోజులు చెప్పు పాఠము అది క్షణములో చెప్పును. కోళ్ల పిల్లలను చివర చూపవలెను.

ఆరవ నెల మొదలు సంవత్సరము నిండువరకు కుక్కపిల్ల మనస్సు చంచలము. అప్పటివరకు బుద్ధిగా ఉన్నది హఠాత్తుగా కోడివెంట ఆటకు పరుగెత్తును. కోడి కేకవేసి పరుగిడుటే దానికి ఆనందము. ఇంటిపిల్లలు దానిని చూచి నవ్వి చప్పట్లు కొట్టినచో ఆ కుక్క చెడినదే. అట్టి సమయమున కోపింపక తిరిగి తాడువేసి, కొంతకాలము తడికవెనుక ఉంచవలెను. చచ్చిన కోడిని కుక్క మెడకు కట్టుట మన పల్లెలలో ఒక మొరటు శిక్ష. దానివలన కుక్కకు మాంసపు వాసన తప్ప మరేమియు తెలియదు. కోడిని కోసినపుడు ఈకలు, ప్రేగులు దానికి వేయరాదు. గ్రుడ్డుపెంకులను దాని యెదుట పారవేయరాదు. కుక్క కూడు తినుచుండగా కోళ్లు దాని పళ్లెములోనికి వచ్చుట, అది మీదపడుట తరచు జరుగును. తప్పు కుక్కది కాదు. దానికి వేరుగా, కోళ్లు రాలేని చోట పెట్టవలెను.

పార్వో వ్యాధికి ఆరెనిమిది వారములలో, పిచ్చికుక్కవ్యాధికి మూడవ నెలలో టీకాలు మొదలిడి, పశువైద్యుడు చెప్పినట్లు మరల వేయించవలెను. పిచ్చికుక్కవ్యాధి టీకా యేటేట తప్పరాదు. గొడ్డుపోయించిన కుక్క ఊరిమీద తిరుగుట తగ్గి ఇంటిపట్టున ఉండును. గొలుసుతో కట్టిన కుక్క కాపరి కాదు. గొలుసు ఎంత పొడుగో నక్క రెండు రాత్రులలో కొలిచికొనును. పెరటికి ప్రహరి లేక రోడ్డుప్రక్కన ఇల్లున్నవారు ముందు కంచె కట్టుకొని, పిదప కుక్క సంగతి తలపెట్టుట మంచిది.

ఈ కాపరులలో దేనిని పెట్టుకొన్నను రాత్రికి గూడు తప్పదు. పాము కంతనుండి వచ్చును, పందికొక్కు నేలక్రిందనుండి వచ్చును. వానిని కుక్కయు బాతును ఆపజాలవు. గూడు నేలకు రెండడుగుల ఎత్తున ఉండవలెను, లేదా అడుగున నాపరాళ్లు పరచవలెను. గాలికి విడిచిన చోట్ల అరంగుళము కన్నుల ఇనుపజాలీ కొట్టవలెను. కోడి దూరరాదని వేయు పెద్దకన్నుల వలలోనుండి ముంగిస సుఖముగ దూరును. తలుపునకు గడియ బయట నుండవలెను. గంపక్రింద మూయువారు గంపపై రాయి పెట్టుదురు గాని గంప ఇంటిలోపల నుండుటే క్షేమము.

ఖర్చు సంగతి దాచి చెప్పుట మాకిష్టము లేదు. నాలుగైదు పెట్టలున్న ఇంటికి మంచి గూడు, ఒక పుంజు, ఒక చెట్టు చాలును. ఆ కోళ్లకొరకే కుక్కను మేపినచో గ్రుడ్లసొమ్మంతయు కుక్క తినును. ఇంట ఎట్లును కుక్క ఉండవలెననుకొనువారు దానినే కోళ్లకు మరపుకొనవచ్చును. ఇరువదికి మించి కోళ్లుండి, తోటలోనో చేనిగట్టునో విడిచి మేపువారికి కాపరికుక్క అవసరము. పగలు ముంగిస బాధ ఉండి, ఇల్లు ఊరికి కొంచెము ఎడముగ నున్నచో పెద్దబాతును, చీడపురుగు ఎక్కువగల తోటయైనచో గినీకోళ్లను చేర్చవచ్చును.

కుక్కపిల్లకొరకు చూచువారికి కాలము ఒకటి గలదు. మన ఊరకుక్కలు ఎక్కువగా చిత్తకార్తెలో, అనగా అక్టోబరు నడుమ, జతకట్టును. అరువదిమూడు దినములు గడచి డిసెంబరు నెలలో ఈనును. శివరాత్రి నాటికి పిల్లలకు రెండు నెలలు నిండియుండును. ఇంట కోళ్లుండి, ఆ కోళ్లమధ్య ప్రశాంతముగ పడుకొను తల్లికుక్క ఎవరి వాకిట నున్నదో ఇప్పటినుండి కనిపెట్టి, ఆ ఇంటివారితో ఒక మాట చెప్పి ఉంచుకొనవచ్చును. అట్లు తెచ్చిన పిల్ల నమ్మకముగ కాపు కాచుటకు రెండవ సంక్రాంతి రావలెను. అంతవరకు మునిమాపున కోళ్లను లెక్కించి గూటి గడియ వేయుట ఇంటివారి పని.